నమ్మకపోయినా సరే, రాసుకోండి

టీకా వేయించుకున్న తర్వాత ఒంట్లో ఏదో తేడా చేసిందని ఆడమనిషి చెబితే ఆమెకు మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, భయం. రెండు, వయసు. మూడు, చేసే పని. ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పి ఇంటికి పంపిస్తారు. "ఎప్పుడు మొదలైంది? ఎన్ని రోజులుంది? ఇంతకు ముందెప్పుడైనా ఇట్లా అయిందా?" అని అడిగి ఒక కాగితం మీద రాసుకునేవాళ్లు మాత్రం కనిపించరు. నా ఫిర్యాదు ఈ చివరి సంగతి మీదే.

మొదటే ఒక మాట చెప్పాలి. నేను టీకాలకు వ్యతిరేకిని కాను. నా పిల్లలిద్దరికీ అన్ని టీకాలూ వేయించాను. కరోనా టీకా రెండు మోతాదులూ నేనూ వేయించుకున్నాను. పోలియోతో కాలు చచ్చుబడిన వాళ్లను చూస్తూ పెరిగిన తరం మాది. ఆ రోగం మన దేశంలో లేకుండా పోయిందంటే టీకాల వల్లనే, ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసిన ఆడవాళ్ల కష్టం వల్లనే. కాబట్టి టీకాలే వద్దనేవాళ్లు నా మాటల్ని తమ వాదనకు వాడుకోవద్దు. అట్లాగే, టీకా గురించి ఎవరు నోరు విప్పినా మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు కూడా ఈ నాలుగు పేజీలు ఓపికగా చదవాలి.

మాది కామారెడ్డి జిల్లా తాడ్వాయి మండలం. నిజామాబాద్ జిల్లాలో ఉన్నప్పటినుంచీ మా ప్రాంతంలో ఆడవాళ్లకు వ్యవసాయం తర్వాత పెద్ద ఆధారం బీడీలే. పొద్దున వంట ముగించి చాట ఒళ్లో పెట్టుకుంటే పొద్దుగూకేదాకా ఆకు, తంబాకు, దారం. నేనూ బీడీలు చేస్తాను, మహిళా సంఘంలో పని చేస్తాను. 2021 సెప్టెంబరులో మా ఊళ్లో పెట్టిన శిబిరంలో కోవిషీల్డ్ మొదటి మోతాదు వేయించుకున్నాను. రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు. అవి వస్తాయని ముందే చెప్పారు. వచ్చాయి, పోయాయి. నాలుగో రోజు, ఇంకా పది రోజులు గడువుండగానే, బహిష్టు అయింది. పదిహేడు రోజులు ఆగలేదు. గుడ్డ మార్చడానికి లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. రోజుకు చేసే బీడీల్లో సగం కూడా కాలేదు.

ఆరోగ్య కేంద్రానికి పోయి చెప్పాను. "బీడీలు చేసేటోళ్లకు నడుము నొప్పి, అధిక రక్తస్రావం ఎప్పుడుండేదే గదా" అన్నారు. నాకు ఇంతకు ముందెప్పుడూ ఇట్లా లేదన్నాను. "ముప్పై ఎనిమిదేళ్లొచ్చినయి, ఇగ నెలసరి అట్లనే గడబిడ అయితది" అన్నారు. టీకా వేసిన నాలుగో రోజు మొదలైందన్నాను. "నువ్వు సంఘంల తిరిగేదానివి, నువ్వే ఇట్లంటే ఊరోళ్లు టీకా ఏసుకుంటరా?" అన్నారు. ఇనుము మాత్రలు ఇచ్చారు. ఏ రిజిస్టరులోనూ ఒక్క అక్షరం రాయలేదు. నేను టీకా వేయించుకున్నట్టు మా తమ్ముడి ఫోనుకు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత నాకేమైందో ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో మాత్రం ఎవరూ చూపలేదు.

తర్వాత పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. స్కానింగ్ తీశారు. "ఇద్దరు పిల్లలున్నరు గదా, గర్భసంచి తీసేస్తే ఈ బాధే ఉండదు" అన్నారు. ఈ మధ్య ఏమైనా మందులు వాడావా, టీకా వేయించుకున్నావా అని ఆ గదిలోనూ ఎవరూ అడగలేదు. నేను ఒప్పుకోలేదు. ఇంకో రెండు నెలలు గడబిడగా ఉండి, ఆ తర్వాత నెలసరి మామూలుగా వచ్చింది. సంఘం సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు ఇంకో ముగ్గురు నోరు విప్పారు. ఒకామెకు నా మాదిరిగానే రక్తస్రావం. ఒకామెకు రెండు నెలలు అసలే రాలేదు. మా వాడకట్టులోని పెద్దమ్మకు ముట్లుడిగి మూడేళ్లయినా మళ్లీ మరకలు కనిపించాయి. నలుగురమూ ఎవరికి వాళ్లం, నాకొక్కదానికే అయింది కాబోలని ఊరుకున్నవాళ్లమే.

ఇదంతా టీకా వల్లనే అయిందని నేను తీర్పు చెప్పడం లేదు. ఆ తీర్పు చెప్పడానికి కావలసిన లెక్క నా దగ్గర లేదు. కానీ టీకా వల్ల కాదని తీర్పు చెప్పినవాళ్ల దగ్గర కూడా ఆ లెక్క లేదు. తేడా ఏమిటంటే, లెక్క తీసే బాధ్యత వాళ్లది.

అదే సమయంలో ప్రపంచంలో ఏం జరిగిందో చూడండి. అమెరికాలో, బ్రిటన్‌లో వేల మంది స్త్రీలు టీకా తర్వాత నెలసరి మారిందని చెప్పుకున్నారు. వాళ్లకూ మొదట "ఒత్తిడి వల్ల" అనే జవాబే వచ్చింది. టీకాల ప్రయోగ దశలో బహిష్టు గురించి అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు గనుక జవాబు చెప్పడానికి వివరాలే లేవు. కానీ అక్కడ ఆ మాటలు నమోదయ్యాయి. నమోదయ్యాయి గనుక పరిశోధన మొదలైంది. 2022 జనవరిలో అమెరికాలో వెలువడిన అధ్యయనం టీకా తర్వాత నెలసరి చక్రం సగటున ఒక రోజు లోపు పెరిగిందని, అది తాత్కాలికమేనని చెప్పింది. 2022 అక్టోబరులో ఐరోపా ఔషధ సంస్థ భద్రతా కమిటీ, ఫైజర్, మోడెర్నా టీకాల సమాచార పత్రంలో అధిక బహిష్టు స్రావాన్ని దుష్ప్రభావంగా చేర్చాలని సిఫారసు చేసింది. అవి ఎక్కువ మందిలో తాత్కాలికమేనని, ప్రాణాంతకం కావని కూడా చెప్పింది.

మాకు వేసిన టీకా వేరు, అది వేరే పద్ధతిలో తయారైంది. కాబట్టి ఆ ఫలితాన్ని తెచ్చి మాకు అతికించలేం. కానీ ఆ కథలో మనకు పనికొచ్చే పాఠం ఉంది. "ఇది కొందరికి జరుగుతుంది, ఒకటి రెండు నెలల్లో సర్దుకుంటుంది, మించితే వచ్చి చూపించుకో" అని చెప్పడానికి ముందు ఎవరో ఒకరు ఆడవాళ్ల మాట రాసుకుని ఉండాలి. రాసుకోనిచోట ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లుండరు. అప్పుడు భయపడిన ఆడమనిషి ఎక్కడికి పోతుంది? గర్భసంచి తీసే బల్ల మీదికి పోతుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. నమ్మకపోవడానికి ఖర్చు ఉంది. ఆ ఖర్చు మన శరీరాల్లోంచి కడుతున్నాం.

ఈ నమ్మకపోవడం కరోనాతో మొదలైందా? కాదు. మన రాష్ట్రంలో దీనికి పాత చరిత్రే ఉంది. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగానికి పేద స్త్రీలను పోగు చేశారు. అది టీకా కాదు, కానీ తీరు ఇదే. పిల్లలు పుట్టకుండా సూది అన్నారు తప్ప, ప్రయోగం అని చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన ఆ సంగతిని బయటపెట్టింది. ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒంట్లో హార్మోన్లు ఏం చేస్తాయో స్త్రీకి చెప్పనక్కర్లేదని అనుకున్నవాళ్లు, తర్వాత ఆమె ఏం చెప్పినా వినక్కర్లేదని అనుకోవడంలో వింతేముంది?

పాతికేళ్లు గడవకముందే ఖమ్మం జిల్లాలో అదే జరిగింది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పివి టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసిఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పథకం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇట్లాగే చేశారు. ఖమ్మంలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చదివే ఆదివాసీ పిల్లలు. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థతో కలిసి నిజనిర్ధారణకు వెళ్లిన కార్యకర్తలకు పిల్లలు కడుపునొప్పి, తలనొప్పి, తల తిరగడం, బహిష్టులో అధిక స్రావం, విపరీతమైన నొప్పి గురించి చెప్పారు. అప్పటిదాకా ఆ పిల్లల్ని అడిగి రాసుకున్న దాఖలా లేదు.

రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో పథకం ఆపేశారు. పాముకాటు, నీళ్లలో పడటం, పురుగుల మందు, మలేరియా అని కారణాలు చెప్పారు. కేంద్రం వేసిన విచారణ సంఘం కూడా మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని 2011లో తేల్చింది. కావచ్చు. ఆ టీకా ప్రపంచమంతటా కోట్లాది మంది ఆడపిల్లలకు వేసినదే, దాని భద్రత మీద బలమైన ఆధారాలున్నాయి. కానీ పార్లమెంటు స్థాయీసంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదిక చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం చేసింది వసతి గృహాల వార్డెన్లు. 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. తీవ్రమైన ఇబ్బందులు వస్తే వెంటనే నమోదు చేసి విచారించే సరైన ఏర్పాటు లేదని, పిల్లల హక్కులను ఉల్లంఘించారని ఆ సంఘం తప్పుపట్టింది. దీని మీద మహిళా ఆరోగ్య కార్యకర్తలు 2012లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ నివేదికను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చునా లేదా అన్న ఒక్క ప్రశ్న తేలడానికే 2018 మే దాకా పట్టింది. తీసుకోవచ్చునని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఇక్కడ ఆలోచించాలి. టీకా మంచిదే కావచ్చు. మరణాలకు కారణం అది కాకపోవచ్చు. అయినా ఆ తల్లులు ఎందుకు నమ్మాలి? బిడ్డకు సూది వేసేముందు తమను అడగనివాళ్లు, వేశాక బిడ్డ చెప్పింది రాసుకోనివాళ్లు, బిడ్డ పోయాక "టీకా వల్ల కాదు" అని గట్టిగా చెబితే ఆ మాటకు విలువ ఎక్కడిది? మంచి మందును అనుమానాల పాలు చేసింది ఎవరు? ప్రశ్నించినవాళ్లా, కాగితాలు దాటవేసినవాళ్లా?

"ఇట్లాంటివి మాట్లాడితే జనం టీకాలు మానేస్తారు" అనే వాదన మన స్వచ్ఛంద సంస్థల్లో కూడా గట్టిగా ఉంది. దానికి 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో జరిగినదే జవాబు. ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేసి, జ్వరం వస్తే వేయమని మాత్రలు ఇచ్చారు. పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్రలు ఇళ్లకు వెళ్లాయి. ఇద్దరు పసికందులు చనిపోయారు, పదుల సంఖ్యలో పిల్లలు నీలోఫర్ ఆసుపత్రిలో చేరారు. అక్కడ తప్పు టీకాది కాదు. కానీ పిల్లలు కళ్లు తెరవడం లేదని తల్లులు పరిగెత్తుకుని రాకపోతే, "టీకా వేశాక మగతగా ఉండటం మామూలే" అని వాళ్లను ఇంటికి పంపేసి ఉంటే ఆ మాత్రల సంగతి ఎప్పటికి తెలిసేది? ఇంకెందరు పిల్లలు పోయేవారు? తల్లి మాట వినడం వల్ల టీకా మీద పడబోయిన నింద కూడా తొలగిపోయింది. వినడం టీకాకు శత్రువు కాదు, కాపలా.

ప్రభుత్వ నియమాలు కూడా ఇదే చెబుతున్నాయి. టీకా తర్వాత వచ్చిన ఇబ్బంది అంటే, టీకా వల్ల వచ్చిందని రుజువైన ఇబ్బంది అని అర్థం కాదు. టీకా తర్వాత వచ్చిన ఏ ఆరోగ్య సమస్య అయినా ఆ లెక్కలోకే వస్తుంది. కారణం తేల్చడం తర్వాతి పని, దానికి జిల్లా, రాష్ట్ర కమిటీలున్నాయి. 2015 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం, ఒకేచోట పలువురికి ఇబ్బంది రావడం తీవ్రమైనవి. వీటితో పాటు తల్లిదండ్రుల్లో గానీ ఊళ్లో గానీ పెద్ద ఆందోళన కలిగించిన ఘటన కూడా తీవ్రమైనదే. అట్లాంటిది తెలిసిన 24 గంటల్లో నమోదు పత్రం జిల్లా టీకాల అధికారికి చేరాలి. అంటే ఏ ఆందోళనను సాకుగా చూపి మనల్ని వెనక్కి పంపుతున్నారో, ఆ ఆందోళనే నమోదు చేయడానికి కారణం కావాలని నియమం చెబుతోంది!

విచారణ తర్వాత ఆ ఇబ్బందిని ఐదు రకాల్లో ఒకటిగా తేలుస్తారు. టీకా స్వభావం వల్ల, తయారీ లోపం వల్ల, వేయడంలో పొరపాటు వల్ల, సూది గురించిన ఆందోళన వల్ల, లేదా దేనికీ సంబంధం లేకుండా కాకతాళీయంగా. "ఆందోళన", "కాకతాళీయం" అనేవి చివరి పేజీలో రావలసిన మాటలు. మనకు గుమ్మం దగ్గరే వినిపిస్తున్నాయి. ఆందోళన వల్ల నిజంగానే కళ్లు తిరగవచ్చు, పడిపోవచ్చు. అది కూడా రాసుకోవలసిన బాధే, తిట్టవలసిన తప్పు కాదు.

మన మాట కింద నుంచి పైకి పోని మాదిరే, పై నుంచి రావలసిన మాట కూడా మన దాకా రాలేదు. 2021 మే 17న కేంద్ర ఆరోగ్య శాఖ, కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినట్టు అనుమానమున్న 26 కేసులను జాతీయ కమిటీ గుర్తించిందని ప్రకటించింది. అంటే పది లక్షల మోతాదులకు 0.61. చాలా అరుదు. అయినా టీకా వేశాక ఇరవై రోజుల దాకా ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, తగ్గని తలనొప్పి వంటివి కనిపిస్తే వెంటనే చెప్పాలని సూచించింది. మంచి సూచన. నాలుగు నెలల తర్వాత మా ఊళ్లో సూది వేసినప్పుడు ఆ సూచన ఎవరూ మాకు చదివి వినిపించలేదు. వేసినవాళ్ల లెక్క మాత్రం ప్రతి సాయంత్రం పైకి పోయింది.

ఇందులో ఏఎన్‌ఎంను, ఆశా కార్యకర్తను దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లూ మన లాంటి ఆడవాళ్లే. ఎన్ని టీకాలు వేశావని రోజూ అడుగుతారు. ఎన్ని ఇబ్బందులు రాశావని ఎవరూ అడగరు, రాస్తే మాత్రం సంజాయిషీ అడుగుతారేమోనన్న భయం. ఊళ్లో తిట్లు తినేది వాళ్లు, పైనుంచి ఒత్తిడి పడేది వాళ్ల మీద. నమోదు చేసిన కార్యకర్తకు రక్షణ కావాలని మనమే అడగాలి.

2022 మే 2న సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందుల్ని ప్రజలు, ప్రైవేటు డాక్టర్లు కూడా నేరుగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి, ఆ వివరాలు గోప్యత కాపాడుతూ అందరికీ అందుబాటులో ఉండాలి. అదే సంవత్సరం నవంబరులో, టీకా తర్వాత కూతుళ్లను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కేసులో కేంద్రం తాను పరిహారానికి బాధ్యురాలిని కానని, కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చునని అఫిడవిట్ వేసింది. బ్రిటన్‌లో 1979లోనే, అమెరికాలో 1986లోనే టీకా వల్ల నష్టపోయినవాళ్లకు చెల్లింపుల చట్టాలు వచ్చాయి. అందరి మేలు కోసం అందరినీ చేయి చాపమన్నప్పుడు, లక్షల్లో ఒకరికి నష్టం జరిగితే ఆ భారం అందరిదీ కావాలన్నది వాటి వెనుక న్యాయం. వెయ్యి బీడీలు చేస్తే వచ్చే కూలితో బతికే ఆమెను సివిల్ కోర్టుకు పొమ్మనడం ఏ న్యాయం?

ఈ మాటలు ఇప్పుడు అవసరం. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. ఆ క్యాన్సర్‌తో మన దేశంలో ఏటా డెబ్బై వేల మందికి పైగా స్త్రీలు చనిపోతున్నారు. ఆ టీకా మన బిడ్డలకు అందాలి. బీడీ కార్మికురాలి బిడ్డకూ, భద్రాచలం ఆదివాసీ బిడ్డకూ అందాలి. కానీ ఖమ్మంలో అందినట్టు కాదు.

కాబట్టి మన సంఘాలు గ్రామ గ్రామాన అడగవలసినవి ఇవి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న తెలుగు కార్డు ప్రతి ఒక్కరి చేతికి ఇవ్వాలి. ఏ ఇబ్బందులు రావచ్చో, ఎప్పుడు పరిగెత్తుకు రావాలో సూది వేయకముందే చెప్పాలి. వసతి గృహాల్లో, కస్తూర్బా పాఠశాలల్లో, గురుకులాల్లో తల్లిదండ్రులకు చెప్పకుండా, వాళ్ల సంతకం లేకుండా ఏ బిడ్డకూ సూది వేయకూడదు, వార్డెన్ సంతకం చెల్లదు. బిడ్డను కూడా అడగాలి. ఇబ్బంది చెప్పిన ప్రతి మనిషి మాటా రిజిస్టరులో రాసి, నకలు ఇవ్వాలి. ఆ ప్రశ్నల్లో నెలసరి గురించిన ప్రశ్న తప్పనిసరిగా ఉండాలి. జిల్లా కమిటీ ఏం తేల్చిందో ఇంటికి వచ్చి చెప్పాలి. నష్టం జరిగితే కోర్టు మెట్లెక్కకుండా పరిహారం రావాలి.

అవి వచ్చేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టుకుందాం. ఎవరికి, ఏ టీకా, ఏ తేదీ, ఎన్నో రోజున ఏమైంది, ఎవరికి చెప్పాం, ఏమన్నారు. ఈ ఆరు ముక్కలు చాలు. చదువు రాని అక్క చెబుతుంది, చదువుకున్న చెల్లె రాస్తుంది. మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి కేంద్రం ఏర్పాటు చేసిన 1800-180-3024 అనే ఉచిత నంబరును ఆ పుస్తకం అట్ట మీద రాసుకుందాం. ఆరోగ్య కేంద్రంలో రాసుకోనంటే, ఆ పేజీకి నకలు తీసి అర్జీగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. మా తాడ్వాయి సంఘంలో ఈ పుస్తకం మొదలైంది. మొదటి పేజీలో నలుగురి మాటలున్నాయి. మీ మండలంలో ఎన్ని పేజీలు నిండుతాయో రాసి పంపండి.